తీగ లేకుండా టీవీ తెరకు: పాత లాప్‌టాప్ ముందున్న దారులు

ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఉన్న ఉత్తర తెలంగాణ ప్రాంతంలో లాప్‌టాప్, టీవీ రెండూ ఉన్న ఇళ్ళు ఎన్నో కనిపిస్తాయి గాని, ఆ రెండూ ఒకే కాలంలో, ఒకే అవసరం కోసం ఇంటికి చేరినవి కావు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం తన బోధనను కంప్యూటర్ చుట్టూ నిర్మించుకొని, పల్లెల్లో పదో తరగతి పూర్తిచేసి వచ్చిన పిల్లలకు లాప్‌టాప్‌లు అందజేసినందువల్ల, గోదావరి ఒడ్డున ఉన్న బాసర ప్రాంగణంలో చదివిన పిల్లల వెంట అవి వ్యవసాయ కుటుంబాల ఇళ్ళకూ చేరాయి. మరోవైపు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వలసపోయినవాళ్ళు సెలవుకు వచ్చేటప్పుడు చదును తెరల టీవీలను సామానుతోపాటు తెచ్చుకొనేవారు; ప్రయాణికులు తెచ్చే అటువంటి టీవీలకు సుంకం లేకుండా ఉన్న వెసులుబాటును కేంద్ర ప్రభుత్వం 2013 ఆగస్టు 26 నుంచి తొలగించి, సుమారు 36 శాతం సుంకం విధించేదాకా ఆ ఆనవాయితీ బలంగా సాగింది. ఆ తరువాత ఊళ్ళోనో పట్నంలోనో కొన్న స్మార్ట్ టీవీలు వచ్చి చేరాయి. అందువల్ల ఒకే గదిలో 2011 నాటి లాప్‌టాప్ పక్కన 2020 నాటి టీవీ, లేదా 2014 నాటి లాప్‌టాప్ ఎదుట అంతకన్నా పాత టీవీ ఉండటం ఇక్కడ మామూలు సంగతి.

ఇలా వేర్వేరు తరాలకు చెందిన రెండు యంత్రాలను తీగ లేకుండా కలపబోయినప్పుడు చాలామందికి ఎదురయ్యేది వైఫల్యమే. టీవీ పేరు లాప్‌టాప్‌లో కనిపించదు, కనిపించినా జత కుదరదు, కుదిరినా బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. దాంతో లాప్‌టాప్ పాతబడిపోయిందన్న నిర్ణయానికి వచ్చి దాన్ని బీరువా మీదికి ఎక్కించేస్తారు. నిజానికి చాలా సందర్భాలలో లోపం ఆ యంత్రంలో కన్నా దానికి అప్పగించిన పనిలో ఉంటుంది. లాప్‌టాప్ నుంచి టీవీకి బొమ్మ చేరే పద్ధతులు ఒకటికన్నా ఎక్కువ ఉన్నాయి. అవి లాప్‌టాప్ మీద వేసే బరువులో ఒకదానికీ మరొకదానికీ ఎంతో అంతరం ఉంది. వాటిలో అన్నిటికన్నా బరువైనదే అందరూ మొదట ప్రయత్నించేది.

ఆ బరువు ఎంతో లెక్క వేసి చూస్తే విషయం తేటపడుతుంది. పూర్తి హెచ్‌డీ తెర అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెర, అంటే మొత్తం సుమారు 20.7 లక్షల చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును చెప్పడానికి 24 బిట్లు కావాలి. బిట్ అంటే సున్న లేదా ఒకటి అనే అతి చిన్న సమాచారపు తునక. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కనుక, ఉన్నది ఉన్నట్టుగా పంపాలంటే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు ప్రయాణించాలి. హెచ్‌డీఎంఐ తీగ ఈ మొత్తాన్ని సునాయాసంగా మోస్తుంది. గాలిలో పోయే వైఫైకి ఆ శక్తి లేదు. 2010 తరువాతి సాధారణ లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే 802.11ఎన్ రకం వైఫై, ఒకే యాంటెన్నాతో పనిచేసేటప్పుడు, కాగితం మీద సెకనుకు 7.2 కోట్ల బిట్లు మోస్తుందని చెప్పినా, ఇంట్లో నిజంగా దక్కేది అందులో సగానికి అటూ ఇటూగానే ఉంటుంది. అంతకు ముందు తరానికి చెందిన, 2003లో వచ్చిన 802.11జి రకంలో దక్కేది సుమారు 2 కోట్లు. కాబట్టి తెర మీది బొమ్మ గాలిలోకి వెళ్ళేముందు కొన్ని వందల రెట్లు కుదించుకుపోవాలి. అదీ ముందుగా తీరికగా చేసిపెట్టుకొనేది కాదు, తెర మారుతున్న క్షణంలోనే జరిగిపోవాలి.

ఈ కుదింపుకు ఎక్కువగా వాడే పద్ధతి 2003లో ప్రమాణంగా స్థిరపడిన హెచ్.264. ఒక బొమ్మకూ దాని తరువాతి బొమ్మకూ మధ్య మారనిదాన్ని వదిలిపెట్టి, మారినదాన్ని మాత్రమే, అదీ కంటికి తేడా తెలియనంత మేరకు తగ్గించి రాసుకోవడం దాని కీలకం. కుదించినదాన్ని విప్పి చూపడం తేలిక, కుదించడమే కష్టం. ఈ కష్టమైన పనికోసం ఇంటెల్ సంస్థ 2011లో వచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్లలో క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగాన్ని అమర్చింది. అంతకు ముందటి ప్రాసెసర్లు ఈ పనిని తమ సాధారణ శక్తితోనే చేయవలసి రావడం వల్ల, ఫ్యాను హోరెత్తి, యంత్రం వేడెక్కి, చివరకు బొమ్మ తడబడుతుంది. పాత లాప్‌టాప్ సినిమాను తన తెర మీద చక్కగా చూపించి, అదే సినిమాను టీవీకి పంపేటప్పుడు చతికిలపడటానికి కారణం ఇదే: మొదటిది విప్పే పని, రెండవది విప్పి మళ్ళీ కుదించే పని.

తెరను ఉన్నదున్నట్టు టీవీ మీద ప్రతిబింబింపజేసే ప్రయత్నాలు ఈ లెక్కలోంచే పుట్టాయి. 2010 జనవరిలో ఇంటెల్ వైడై అనే పద్ధతిని ప్రకటించినప్పుడు, దానికి ఆ సంస్థ ఎంపిక చేసిన ప్రాసెసర్, ఆ సంస్థ వైఫై కార్డు, టీవీకి తగిలించే ప్రత్యేకమైన పెట్టె ఒకటి కావలసివచ్చేవి. అదే సంవత్సరంలో వైఫై డైరెక్ట్ అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం రెండు పరికరాలు మధ్యలో రౌటర్ లేకుండానే ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోగలవు. దాని మీద కట్టిన మిరాకాస్ట్ ప్రమాణాన్ని వైఫై అలయన్స్ అనే అంతర్జాతీయ సంఘం 2012 సెప్టెంబరులో అమలులోకి తెచ్చింది. ఏ సంస్థ తయారుచేసిన లాప్‌టాప్ అయినా, ఏ సంస్థ తయారుచేసిన టీవీతో అయినా జతకూడగలగడం దాని ఉద్దేశం. 2013 అక్టోబరులో వచ్చిన విండోస్ 8.1లో మైక్రోసాఫ్ట్ దీన్ని అంతర్భాగంగా చేర్చింది. మిరాకాస్ట్ అంతటా పాతుకుపోయాక, ఇంటెల్ 2016లో వైడైని విరమించుకొంది.

ఈ తేదీలు పాత లాప్‌టాప్ యజమానికి చాలా ముఖ్యమైనవి. విండోస్ 7లో మిరాకాస్ట్ పంపే ఏర్పాటు లేదు. ఎంత వెతికినా ఆ మీట దొరకదు. విండోస్ 8.1 గాని, విండోస్ 10 గాని ఉన్నంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే బొమ్మను నడిపే గ్రాఫిక్స్ చిప్, వైఫై కార్డు రెండింటి డ్రైవర్లు కూడా, అంటే ఆ భాగాలకూ విండోస్‌కూ మధ్య దుబాసీలుగా పనిచేసే చిన్న ప్రోగ్రాములు కూడా, మిరాకాస్ట్ ఎరిగినవై ఉండాలి. ఈ సంగతి తేల్చుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. విండోస్ గుర్తున్న మీటతోపాటు ఆర్ మీటను నొక్కితే వచ్చే చిన్న గడిలో డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి అనే ఆరు ఇంగ్లిషు అక్షరాలను ఎడం లేకుండా కొట్టి ఎంటర్ నొక్కాలి. తెరుచుకొన్న కిటికీలో మొత్తం వివరాన్ని దాచుకొనే బొత్తాన్ని నొక్కితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో మొదటి భాగంలోనే మిరాకాస్ట్ పేరుతో ఒక వరుస ఉండి, ఆ సౌకర్యం ఉన్నదీ లేనిదీ, లేకపోతే లోపం గ్రాఫిక్స్ వైపు ఉన్నదో వైఫై వైపు ఉన్నదో చెబుతుంది. వైఫై వైపే లోపమైతే యూఎస్‌బీ రంధ్రంలో పెట్టే చిన్న వైఫై అడాప్టర్‌తో సరిదిద్దుకొనే అవకాశం ఉంటుంది. గ్రాఫిక్స్ వైపు లోపమైతే ఆ దారిని మరిచిపోవడమే మంచిది. దానికోసం దుకాణాల చుట్టూ తిరగడం, ఊరూ పేరూ లేని డ్రైవర్లను ఇంటర్నెట్ నుంచి దింపుకోవడం వృథా శ్రమ, పైగా ప్రమాదకరం కూడా.

అయితే ఇంతకూ టీవీ తెర మీద చూడదలచినది ఏమిటన్న ప్రశ్నను ముందుగా వేసుకొంటే, చాలా ఇళ్ళలో మిరాకాస్ట్ అవసరమే రాదు. చూడదలచినది లాప్‌టాప్‌లో ఉన్న ఫైలు కావచ్చు; ఇంటర్నెట్‌లో ఉన్న వీడియో కావచ్చు; లేదా లాప్‌టాప్‌లో అప్పటికప్పుడు చేస్తున్న పని కావచ్చు. ఈ మూడింటిలో చివరిదానికి మాత్రమే తెరను ప్రతిబింబింపజేయవలసి వస్తుంది.

మొదటిది, అంటే ఫైలును పంపడం, ఈ ప్రాంతానికి అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చే దారి. విచిత్రమేమిటంటే అన్నిటికన్నా తక్కువమందికి తెలిసినదీ ఇదే. సోనీ, ఇంటెల్ మొదలైన సంస్థలు 2003లో డీఎల్‌ఎన్‌ఏ అనే కూటమిగా ఏర్పడి, ఇంట్లోని కంప్యూటర్‌లో ఉన్న బొమ్మలను, పాటలను, వీడియోలను అదే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న టీవీ తెచ్చుకొని ఆడించుకొనేందుకు ఒక ఉమ్మడి పద్ధతిని రూపొందించాయి. ఆ కూటమి 2017లో రద్దయినా, పద్ధతి మాత్రం కోట్లాది టీవీలలో నిలిచే ఉంది. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లోని విండోస్ మీడియా ప్లేయర్‌కు ఈ విద్య పుట్టుకతోనే వచ్చు; దాని పైభాగంలోని స్ట్రీమ్ అనే మెనూలో మీడియా స్ట్రీమింగ్‌ను అనుమతించి, నెట్‌వర్క్ రకాన్ని విండోస్ 7లో హోమ్ అనీ, విండోస్ 10లో ప్రైవేట్ అనీ ఎంచుకొంటే చాలు. టీవీ వైపు ఇదే సౌకర్యం పాత సామ్‌సంగ్ టీవీలలో ఆల్‌షేర్ అనీ, ఎల్‌జీలో స్మార్ట్‌షేర్ అనీ, మరికొన్నింటిలో మీడియా షేర్ అనీ రకరకాల పేర్లతో ఉంటుంది. ఆండ్రాయిడ్ టీవీలలో అది కనిపించకపోతే వీఎల్‌సీ అనే ఉచిత యాప్‌ను ఒకసారి ఎక్కించుకొంటే అదే ఇంటి నెట్‌వర్క్‌ను వెదికి లాప్‌టాప్‌లోని ఫైళ్ళను చూపిస్తుంది.

ఇక్కడ లాప్‌టాప్ కుదించవలసినది ఏమీ లేదు. ఫైలు ఎప్పుడో కుదించబడి ఉంది. దాన్ని లాప్‌టాప్ తీసి ఇస్తుంది, టీవీ విప్పి చూపుతుంది. ఒక హెచ్‌డీ పాఠానికి సెకనుకు 50 లక్షల బిట్లు సరిపోతాయి కనుక పాత వైఫై సైతం తడబడదు. విండోస్ నడవలేనంత ముసలిదైపోయిన యంత్రం మీద లైనక్స్ ఎక్కించి, మినీడీఎల్‌ఎన్‌ఏ అనే అతి తేలికైన ప్రోగ్రామును పెట్టినా ఈ పని హాయిగా సాగుతుంది. ఉన్న చిక్కులల్లా చిన్నవి. విండోస్ 7లోని ప్లేయర్ ఎంకేవీ రకం ఫైళ్ళను తన జాబితాలో చేర్చుకోదు. 2013లో వచ్చిన హెచ్.265 పద్ధతిలో కుదించిన వీడియోలను పాత టీవీలు విప్పలేవు. కనుక ఎంపీ4 రూపంలో, హెచ్.264లో ఉన్న ఫైళ్ళను దగ్గర పెట్టుకోవడం మేలు. చాలా పాత టీవీలలో తెలుగు అక్షరరూపాలు లేనందున తెలుగులో పెట్టిన ఫైలు పేర్లు వట్టి గడులుగా కనిపిస్తాయి. వాటికి ఇంగ్లిషు అక్షరాలలో పేర్లు పెట్టుకోక తప్పదు. తెలుగు చదివే ఇంటికి అమ్మిన టీవీ తెలుగు పేరును చదవలేకపోవడం విచారించవలసిన సంగతే.

ఈ పద్ధతికి ఇంటర్నెట్ అక్కరలేదన్నది దీని అసలైన బలం. వైఫై అనగానే ఇంటర్నెట్ అని చాలామంది అనుకొంటారు గాని, వైఫై దగ్గరి పరికరాలను కలిపే రేడియో సంబంధం మాత్రమే. ఇంటర్నెట్ దాని గుండా రావచ్చు, రాకపోవచ్చు. ఏ తీగా తగిలించని పాత రౌటర్‌ను కరెంటుకు పెట్టి, లాప్‌టాప్‌ను, టీవీని దానికి కలిపితే అవి రెండూ ఒకదానినొకటి చూసుకొంటాయి. రౌటర్ లేకపోతే మొబైల్ ఫోనులోని హాట్‌స్పాట్‌ను తెరిచి, డేటాను ఆపేసి, రెండింటినీ దానికి కలిపినా చాలావరకు పని జరుగుతుంది. ఉట్నూరు, నార్నూరు, కెరమెరి, తిర్యాణి వంటి ఏజెన్సీ మండలాలలో అడవి, గుట్టల నడుమ ఫోను సిగ్నల్ సన్నగిల్లే గూడేలకు ఇది చిన్న సౌకర్యం కాదు. సిగ్నల్ బాగున్న ఉట్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో ఒకసారి దింపుకొన్న పాఠాలను ఊరికి తీసుకొనిపోయి, పిల్లలు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు పెద్ద తెర మీద చూపవచ్చు.

ఈ మాట ఎంత ముఖ్యమైనదో 2020లో కరోనా కాలం రుజువు చేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం బడులు తెరవకుండానే దూరదర్శన్ యాదగిరి ద్వారా, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. టీ-శాట్ అంటే ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీగా మొదలై, 2017లో కొత్త పేరుతో విద్య, నిపుణ అనే రెండు ఛానళ్ళుగా రూపుదిద్దుకొన్న ప్రభుత్వ విద్యా ప్రసార వ్యవస్థ. అది చేసిన మేలు కాదనలేనిది. కాని ప్రసారానికి ఒక వేళ ఉంటుంది; ఆ వేళకు కరెంటు పోయినా, పిల్ల పత్తి చేనులో ఉన్నా, పాఠం దాటిపోతుంది. లాప్‌టాప్‌లో ఫైలుగా ఉన్న పాఠం ఆగమన్నచోట ఆగుతుంది, వెనక్కి వెళ్ళమంటే వెళుతుంది. ఐఐటీలు కలిసి నడిపే ఎన్‌పీటెల్ తన ఇంజినీరింగ్ పాఠాలను ఫైళ్ళుగా దింపుకోనిస్తుంది. ఊళ్ళోని ఉపాధ్యాయుడు తన ఫోనులోనే గోండిలోనో తెలుగులోనో చిత్రించిన పాఠాన్ని కూడా ఇలాగే టీవీకి పంపవచ్చు. ప్రసార కేంద్రమేదీ అందించలేని పాఠం, ఆ ఊరి పిల్లల మాటలో, ఆ ఊరి మాస్టారి గొంతుతో పెద్ద తెర మీదికి వస్తుందంటే, పదేళ్ళ నాటి లాప్‌టాప్‌కు అంతకన్నా గౌరవప్రదమైన ఉద్యోగం ఏముంటుంది?

రెండవది, ఇంటర్నెట్‌లో ఉన్న వీడియోను చూపడం. 2013 జులైలో అమెరికాలోనూ, 2014 డిసెంబరులో భారతదేశంలోనూ విడుదలైన క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరం ఈ పనికి కొత్త దారి చూపింది. ఆ పరికరం తయారీని గూగుల్ 2024లో ఆపివేసినా, అదే విద్య ఇప్పటి ఆండ్రాయిడ్ టీవీలలో లోపలే ఉంది. ఇందులో లాప్‌టాప్ వీడియోను పంపదు. ఏ వీడియో కావాలో దాని చిరునామాను మాత్రం టీవీకి చెబుతుంది, టీవీ తానే ఇంటర్నెట్ నుంచి దాన్ని తెచ్చుకొంటుంది. బియ్యం మూటను నెత్తిన పెట్టుకొని మోయడానికీ, రేషన్ దుకాణం ఎక్కడుందో చెప్పి పంపడానికీ ఉన్నంత తేడా అది. అయితే క్రోమ్ బ్రౌజర్‌లో పైకి ఒకేలా కనిపించే రెండు పద్ధతులు ఉన్నాయని గమనించాలి. యూట్యూబ్ వంటి వేదికలో వీడియో మీదే కనిపించే కాస్ట్ గుర్తును నొక్కితే చిరునామా మాత్రమే వెళుతుంది. బ్రౌజర్ మెనూలోంచి ట్యాబ్‌ను కాస్ట్ చేయమంటే మాత్రం లాప్‌టాప్ ఆ ట్యాబ్‌ను అప్పటికప్పుడు కుదించి పంపవలసి వస్తుంది, పాత యంత్రం అక్కడే నీరసిస్తుంది. మరొక పరిమితి కూడా ఉంది: విండోస్ 7, 8.1లకు క్రోమ్ 109వ సంచికే చివరిది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ సంచిక నుంచి వాటిని వదిలేశారు. టీవీలోనే యూట్యూబ్ వంటి యాప్ ఉన్నప్పుడు, చేతిలో ఫోను ఉన్నప్పుడు ఈ పనికి లాప్‌టాప్‌ను తెరవవలసిన అవసరం దాదాపుగా లేదు.

మూడవది, చేస్తున్న పనిని చేస్తున్నట్టుగా చూపడం. గణితం మాస్టారు లెక్క చేసి చూపాలన్నా, పంచాయతీ కార్యాలయంలో పద్దుల పట్టికను అందరికీ వివరించాలన్నా, పెళ్ళి కార్డు నమూనాను ఇంటిల్లిపాదీ కూర్చొని దిద్దాలన్నా తెరను ప్రతిబింబింపజేయక తప్పదు. మిరాకాస్ట్ ఉన్న లాప్‌టాప్‌లో, టీవీ మెనూలో స్క్రీన్ మిర్రరింగ్ లేదా స్క్రీన్ షేర్ అనే పేరుతో ఉన్న ఏర్పాటును ముందుగా తెరిచి, ఆ తరువాత విండోస్ 10లో విండోస్ గుర్తు మీటతో కె మీటను, విండోస్ 8.1లో పి మీటను నొక్కితే టీవీ పేరు జాబితాలో కనిపిస్తుంది. క్వార్టర్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండే గోదావరిఖని, శ్రీరాంపూర్ వంటి బొగ్గుగని పట్టణాలలో పక్కింటి టీవీ పేరు కూడా ఆ జాబితాలో కనబడే అవకాశం ఉంది కనుక, టీవీకి సొంత పేరు పెట్టుకొని, జత కుదిరేటప్పుడు పిన్ అడిగేలా అమర్చుకోవడం అవసరం. టీవీకే వైఫై లేకపోతే, అంటే అది గల్ఫ్ నుంచి వచ్చిన పాతకాలపుదైతే, దాని హెచ్‌డీఎంఐ రంధ్రంలో పెట్టే మిరాకాస్ట్ డాంగిల్ ఆ లోటు తీరుస్తుంది.

లాప్‌టాప్‌కు మిరాకాస్ట్ రాకపోయినా ఇంకొక దారి మిగిలే ఉంది. జంటగా అమ్మే వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ పరికరాలలో ఒకటి లాప్‌టాప్ హెచ్‌డీఎంఐ రంధ్రంలోనూ, రెండవది టీవీ రంధ్రంలోనూ కూర్చొంటాయి. కుదించే పని, పంపే పని అవే చేసుకొంటాయి. లాప్‌టాప్ మాత్రం తనకు మామూలు తీగే తగిలించారని భావిస్తుంది గనుక విండోస్ 7 అయినా, లైనక్స్ అయినా తేడా లేదు. ఖర్చు ఎక్కువైనా, బలహీనమైన ప్రాసెసర్ ఉన్న యంత్రానికి నిజమైన ఉపశమనం ఇదే. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ రంధ్రం మాత్రమే ఉన్న లాప్‌టాప్ అయితే, వీజీఏని హెచ్‌డీఎంఐగా మార్చే పరికరాన్ని మధ్యలో చేర్చుకోవాలి. వీజీఏలో ధ్వని రాదు కనుక, హెడ్‌ఫోను రంధ్రం నుంచి ధ్వని తీసుకొనే రకాన్ని అడిగి తెచ్చుకోవాలి.

ఏ దారి పట్టినా గాలి పరిస్థితిని పట్టించుకోకుండా కుదరదు. పాత లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మీదే పనిచేస్తాయి. ఆ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి 1, 6, 11 అనే మూడు ఛానళ్ళే. బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ పొయ్యిలు కూడా అక్కడే గోల చేస్తాయి. పల్లెలో ఇల్లు ఒంటరిగా ఉంటే ఈ బాధ ఉండదు. కరీంనగర్ అపార్ట్‌మెంట్లలో ఇదే ముఖ్యమైన బాధ. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో చోటు ఎక్కువ, అయితే అది గోడలు దాటడంలో బలహీనం. భారతదేశంలో ఆ పట్టీలో లైసెన్సు అక్కరలేని భాగాన్ని ప్రభుత్వం 2018 అక్టోబరులో మరింత విస్తరించింది. ఇంకొక విషయం సాంకేతికులు కూడా తరచుగా మరిచిపోతుంటారు. లాప్‌టాప్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి టీవీకి రెండూ ఒకే పట్టీలో గాలిలోనే వెళ్ళేటప్పుడు ప్రతి బిట్ రెండుసార్లు గాలిని ఆక్రమిస్తుంది, అంటే వేగం సగమవుతుంది. టీవీని రౌటర్ పక్కనే ఉంచి వాటి మధ్య ఒక లాన్ తీగ వేస్తే ఆ సగం తిరిగి దక్కుతుంది. లాప్‌టాప్ ఇంట్లో ఎక్కడైనా తిరగవచ్చు.

బొమ్మ వచ్చాక ఎదురయ్యే చిన్న చిక్కులు కొన్ని ఉన్నాయి. ధ్వని లాప్‌టాప్‌లోనే వినిపిస్తుంటే విండోస్‌లో స్పీకర్ గుర్తు దగ్గర టీవీని ఎంచుకోవాలి. తెర అంచులు తెగిపోయి కనిపిస్తే తప్పు లాప్‌టాప్‌ది కాదు. పాత ప్రసారాల కోసం టీవీ బొమ్మను కొద్దిగా పెద్దది చేసి చూపడం వల్ల అలా జరుగుతుంది, టీవీలోని పిక్చర్ సైజు అమరికను మారిస్తే సరిపోతుంది. మౌస్ కదిలించిన కాసేపటికి టీవీలో బాణం కదలడం కుదింపుకు పట్టే సమయం వల్ల వచ్చేది, దాన్ని పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. డబ్బు కట్టి చూసే సినిమా వేదికలలో మాటలు వినిపించి బొమ్మ మాత్రం నల్లగా ఉంటే, అది నకలు తీయకుండా పెట్టిన హెచ్‌డీసీపీ అనే రక్షణ పని. పాత యంత్రానికి ఆ తాళం తీసే శక్తి ఉండదు, అక్కడ టీవీలోని యాప్‌ను వాడుకోవడమే న్యాయమైన దారి.

టీవీకీ కంప్యూటర్‌కూ ఉన్న ఈ సంబంధాన్ని తలకిందులుగా చూసే ప్రయత్నం కూడా ఈ ప్రాంతంలోనే జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబరులో టీ-ఫైబర్ పథకం కింద ప్రయోగాత్మకంగా ఇంటర్నెట్ తీగలు అందించిన కొద్ది గ్రామాలలో పెద్దపల్లి జిల్లాకు చెందిన అడవి శ్రీరాంపూర్ ఒకటి. దానిలో భాగంగా ఇంట్లోని టీవీనే కంప్యూటర్‌గా వాడుకొనే వర్చువల్ డెస్క్‌టాప్‌ను పరిచయం చేశారు. అంటే లెక్కలు చేసే యంత్రం ఎక్కడో దూరంగా ఉంటుంది, దాని తెర మాత్రం ఫైబర్ తీగ గుండా ఇంటి టీవీకి వస్తుంది. సూత్రం మిరాకాస్ట్‌దే, దూరం మాత్రం కొన్ని వందల కిలోమీటర్లు కావచ్చు. ఫైబర్ చేరిన ఊరికి ఇది మంచి మార్గం. చేరని ఊళ్ళకు ఇంట్లోనే ఉన్న పాత లాప్‌టాప్ దిక్కు.

అటువంటి లాప్‌టాప్‌ను తిరిగి పనిలో పెట్టేటప్పుడు దాని రక్షణ గురించి కూడా ఆలోచించాలి. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. ఆ తరువాత బయటపడిన లోపాలకు మామూలుగా మరమ్మతు అందదు. అందుచేత విండోస్ 7 ఉన్న యంత్రాన్ని ఇంటర్నెట్ లేని ఇంటి నెట్‌వర్క్‌కే పరిమితం చేసి, పాఠాల, బొమ్మల భాండాగారంగా వాడుకొంటే దానివల్ల భయం లేదు. పాఠాలున్న డిస్కు కూడా యంత్రమంత పాతదే కనుక వాటి నకలును ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవాలి. బ్యాంకు లావాదేవీలు, భూమి పత్రాల పనులు, ఆధార్ వివరాలు దాని మీద చేయకూడదు. ఇంటర్నెట్ తప్పనిసరి అనుకొంటే లైనక్స్ ఎక్కించుకోవాలి. లైనక్స్‌లో మిరాకాస్ట్ పంపడానికి గ్నోమ్ నెట్‌వర్క్ డిస్‌ప్లేస్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, వీఎల్‌సీ 3.0 నుంచి క్రోమ్‌కాస్ట్‌కు వీడియో పంపే వీలూ ఉంది. అయితే వైఫై కార్డునుబట్టి ఫలితం మారుతుంది గనుక, ఎక్కించేముందు పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్‌ను నడిపి చూసుకోవడం మంచిది.